మార్డెల్ పేరు రాసిన ఓట్లు లెక్కించుట గురించి

బిట్టర్ ఫోర్క్ కౌంటీ ఎన్నికల అధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జడ్జి ఎన్నికలో నా భార్య పేరు చేత్తో రాసిన ఓట్లను కనీసం లెక్కించమని కోరుట.

రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన ఆర్విడ్ హల్వర్సన్ అను నేను మనవి చేసుకొనునది:

1. నా భార్య మార్డెల్ ఇరవై రెండేళ్లుగా ఊరి ఓట్లతో ఎన్నికవుతూ వచ్చిన మా చిన్న కోర్టు జడ్జి. మార్చిలో నామినేషన్ గడువునాడు ఆమె బిల్లింగ్స్ ఆసుపత్రిలో ఆపరేషన్ బల్ల మీద ఉన్నందున బ్యాలెట్‌పై పేరు అచ్చు కాలేదు. "అచ్చులో లేకపోతే ఏమైంది జడ్జమ్మా, మాకు చేతుల్లేవా? బ్యాలెట్‌లో ఖాళీ గీత ఉంటుందిగా, నీ పేరు మేమే రాస్తాం," అని ధాన్యం గిడ్డంగి లాయిడ్ మొదలు అందరూ ఇంటికొచ్చి మరీ చెప్పారు.

2. అలా రాసిన ఓటు చెల్లవలెనంటే అభ్యర్థి ముందుగా ప్రకటన పత్రం దాఖలు చేయవలెననియు, ఆ సంతకమును నోటరీ ధ్రువీకరించవలెననియు నిబంధన. మా ఊళ్లో నోటరీ ముద్ర ఒక్కటే, అదీ మార్డెల్‌దే. పశువుల అమ్మకమైనా, విడాకులైనా మా వంటింటి బల్ల మీదే ముద్ర పడాలి. ఆ అలవాటు కొద్దీ తన సంతకానికి తానే ముద్ర వేసుకుంది. పక్కనే కూర్చుని కాఫీ తాగుతున్న నాకూ తట్టలేదు. నా బుద్ధి గడ్డి తింది.

3. తమ ఆఫీసులో ఆ పత్రం తీసుకున్నారు. ఓటింగైన మర్నాడు, తన సంతకాన్ని తానే ధ్రువీకరించుకోరాదు గనుక చెల్లదన్నారు. ఆమె పేరు రాసిన ఓట్లు లెక్కించకుండానే పెట్టెలో పెట్టి సీలు వేశారు. పదవి మాకు వద్దు. గెలిచినాయన మంచివాడే.

4. మార్డెల్‌కు జబ్బు తిరగబెట్టింది. ఇక మిగిలిన కాలం డాక్టరు వారాల్లో చెబుతున్నాడు. "ఎంతమంది రాశారట?" అని రోజూ అడుగుతుంది. "ఇంకా లెక్కపెడుతున్నారే, వాళ్లదంతా నత్తనడక," అంటున్నాను. ఎన్నికై నెల దాటింది. ఇరవై రెండేళ్లు అబద్ధాలు విన్న మనిషికి నా అబద్ధం తెలియదా అయ్యా? గ్యారేజీలోకి పోయి ఏడుస్తున్నాను.

కావున ఆ పెట్టె తెరిపించి, ఎందరు రాశారో ఒక్క అంకె తెలియజేయించవలెనని, ఈ ముసలివాని మొర దయతో చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
ఆర్విడ్ హల్వర్సన్

తా.క.: ఆమెకు తెలియకుండా పంపుదామనుకున్నాను, కుదరలేదు. కళ్లద్దాలు పెట్టుకుని అంతా చదివింది. "నేనైతే ఈ అర్జీ కొట్టేస్తాను ఆర్విడ్. రూలు రూలే," అంది. చాలాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత మెల్లగా, "కొట్టేసే ముందు ఒక్కసారి లెక్కపెడతారంటావా?" అంది.