మాస్కో ఆర్డరు

ప్లేనో,
డిసెంబరు 2009.

చి.ల.సౌ. నాగమణికి ఆశీస్సులు. ఇక్కడ నేను, నీహారిక, అల్లుడు, బాబు కులాసా. అక్కడ నీ ఒంట్లో, నీ స్కూల్లో అంతా సవ్యంగా ఉందనుకుంటాను.

పగలు ఎలా గడుస్తోందని అడిగావు. పిల్లలిద్దరూ ఆఫీసులకు, బాబు డేకేర్‌కు వెళ్ళిపోతే సాయంత్రం దాకా నా దగ్గు నాకే వినపడుతుంది. ఆర్టీసీ బస్సులు కట్టే బాడీ షాపులో రేకుల మోత మధ్య బతికినవాణ్ణి. ఈ నిశ్శబ్దానికి చెవులు నొప్పి పుడుతున్నాయి.

పక్క వీధి హంగరీ ఆయన ఫెరెన్స్ ఎలా ఉన్నాడని కూడా అడిగావు. బుడాపెస్టులో బస్సుల ఫ్యాక్టరీలో వెల్డరని రాశాను కదా. కమ్యూనిస్టుల కాలంలో వాళ్ళ బస్సులు రష్యాకీ, తూర్పు జర్మనీకీ వెళ్ళేవట. మధ్యలో హార్మోనియం తిత్తిలా మడతపడే పొడుగు బస్సులు. ఆ ప్రభుత్వం పోయాక మాస్కో నుంచి ఆర్డర్లు ఆగిపోయాయి. సగం కట్టిన బస్సులు షెడ్డులోనే నిలబడిపోయాయి. తర్వాత ఎవరెవరో కొన్నారు, అమ్మారు, చివరికి గేటుకు తాళం పడింది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. అయినా పార్కు బెంచీ మీద కూర్చుని చేతులతోనే బస్సులు కట్టేవాళ్ళం.

ఇక అసలు సంగతి. టికెట్లు దొరకక నా తిరుగు ప్రయాణం వాయిదా పడిందని నీకు చెప్పాను. అది అబద్ధం. ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు.

దీపావళి తర్వాత ఫెరెన్స్‌కు మతిమరుపు ముదిరింది. ఇంగ్లీషు మొత్తం పోయింది. కొడుకు ఆండ్రాష్ ఆయన్ని దగ్గర్లోని వృద్ధాశ్రమంలో చేర్చాడు. అక్కడ హంగరీ భాష తెలిసినవాళ్ళు లేరు. ఆండ్రాష్ ఆదివారాలే రాగలడు. ఒక ఆదివారం నేనూ వెళ్తే, ఫెరెన్స్ నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగాడు.

"మిమ్మల్ని ఫ్యాక్టరీలో తన స్నేహితుడు లాయోష్ అనుకుంటున్నారు. మాస్కో ఆర్డరు వచ్చిందా అంటున్నారు," అన్నాడు ఆండ్రాష్.

"'వచ్చింది' అని మీ భాషలో ఎలా అనాలి?" అని అడిగాను.

అతను ఆ మాట చెప్పాడు.

"మెగ్యొత్," అన్నాను.

ఫెరెన్స్ లేచి కూర్చుని చొక్కా చేతులు పైకి మడిచాడు. కొన్నాళ్ళుగా సరిగా ముట్టని భోజనం ఆ పూట తిన్నాడు.

అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాను. రోజూ అడుగుతాడు, రోజూ వచ్చిందంటాను. నీహారికకు ఈ మధ్యే తెలిసింది. "అక్కడ అమ్మ ఒక్కతే ఉంది నాన్నా. ఆయనకి నువ్వెవరో కూడా గుర్తు లేదు," అంది. నిజమే. కానీ పొద్దున్నే నేనెప్పుడొస్తానా అని ఇక్కడ గుమ్మం వైపు చూసే మనిషి ఆయనొక్కడే. ఆయన చూసేది నా కోసం కాదని తెలిసీ వెళ్తున్నాను.

వీసా ఫిబ్రవరి దాకా ఉంది. అందాకా ఉండనిస్తావా? కాదు రమ్మంటే వచ్చేస్తాను. ఆయనకు ఏం చెప్పి రావాలో మాత్రం నాకు తెలియడం లేదు.

ఇట్లు,
నీహారిక నాన్న