దొర ఏడవడం మానేశాడట

సోమవారం, మధ్యాహ్నం

చి.ల.సౌ. చెల్లికి,

అక్క దీవించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, మరిదిగారూ క్షేమమని తలుస్తాను. మా కుక్క దొర క్షేమం మాత్రం అడగను. వాడి వైభోగం గురించి నువ్వే నాలుగు పేజీలు నింపావుగా.

వాడంతట వాడే బోనులో దూరి పడుకుంటున్నాడట! నువ్వు నీ కుట్టు షాపుకి వెళ్లినా కిక్కురుమనడం లేదట! చదివి ఒళ్లు మండింది. నా దగ్గరున్నప్పుడు నేను చెప్పులేసుకుంటే చాలు, ఇల్లు పీకి పందిరేసేవాడు. ఆసుపత్రి డ్యూటీలో నేను ఎక్స్‌రేలు తీస్తుండగానే కింది వాటా ఆవిడ ఫోన్ చేసి, మీ వాడు మళ్లీ మొదలెట్టాడమ్మా అనేది. అరుపులు ఆగకపోతే ఖాళీ చేయమని ఇంటి ఓనరు తెగేసి చెప్పబట్టే కదా, బోనులో ఉండడం నేర్పమని వాణ్ణి నీకప్పగించాను. బోను నేర్పమన్నాను గానీ నన్ను మరిపించమన్నానా?

నీ పద్ధతీ చదివాను. బోను తలుపు తీసే ఉంచి అన్నం గిన్నె లోపల పెడతావట. వెళ్లేటప్పుడు వెళ్తున్నానని చెప్పవు, తిరిగొచ్చాక వాడు కుదురుకునేదాకా పలకరించవు. నేనైతే బయటికి వెళ్లేటప్పుడే బోనులోకి తోసి గొళ్లెం పెట్టాను కాబట్టి అది వాడికి జైలైందన్నావు. పోయేముందు మెడ వాటేసుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను కాబట్టి, ఏం ముంచుకొస్తోందోనని హడలిపోయాడన్నావు. నీకు చిన్నప్పట్నుంచీ తెలివెక్కువే. నా వెంట తిరిగే ప్రతి ప్రాణీ రెండ్రోజుల్లో నీ వెంట పడేది. పిల్లిపిల్ల అంతే, పక్కింటి పాప అంతే, ఆఖరికి అమ్మా అంతే.

కుళ్లే. దాచను. వీధి చివరిదాకా వినపడే ఆ ఏడుపు విని, నాకోసం ఇంతగా ఏడ్చేవాడు ఒకడున్నాడని మురిసిపోయేదాన్ని. ఇరుగుపొరుగుకి పైకి సారీ చెప్పి లోపల గర్వపడేదాన్ని. వాడు ఏడవడం లేదంటే ఇంక నాకేం మిగిలినట్టు?

పంపడానికి మనసు రావడం లేదని చివర్లో ఓ ముక్క రాశావు. ఆ మాట నా దగ్గర అనకు. ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను, బోను మడిచి పెట్టు. నా గొంతు వినగానే నువ్వెవరో కూడా గుర్తుండదు వాడికి, చూస్తుండు.

ఇట్లు,
నీ అక్క

తా.క.: ఆదివారం దాకా ఆగలేకపోయాను. ఈ ఉత్తరం సంచిలోనే పెట్టుకుని మంగళవారం మీ ఊరు వచ్చేశాను. ఆ సాయంత్రం నువ్వు ఇంటికొచ్చేసరికి దొర తలుపు గీరి, పక్క చింపి పోగులు పెట్టి ఉంటాడు. దొంగెవడో వచ్చాడని భయపడి ఉంటావు. వచ్చింది నేను.

మీరిద్దరూ పనికి వెళ్లిపోయారు. కిటికీలోంచి చూస్తే వాడు బోనులో వెల్లకిలా పడుకుని గురకపెడుతున్నాడు. నన్ను మరిచాడా అని పిలిచాను. ఒక్క ఉదుటున బోనులోంచి లేచొచ్చి కిటికీ ఊచల్లోంచి నా చేతులు నాకేశాడు. నా ఆనందం ఏం చెప్పను! నీ షాపుకెళ్లి ఇంటి తాళంచెవి తెచ్చి అప్పుడే తీసుకుపోదామని, ఇప్పుడే వస్తా నాన్నా అని బుజ్జగించి, కళ్లు తుడుచుకుంటూ గేటు దాటాను. మొదలెట్టాడు.

నేను వినాలని వచ్చిన ఏడుపే అది. గేటవతల నిలబడి మొదటిసారి చివరిదాకా విన్నాను చెల్లీ. అందులో ప్రేమ ఎక్కడా వినపడలేదు. వాడు భయంతో చస్తున్నాడు.

నీ షాపుకి రాలేదు, బస్టాండుకి నడిచాను. దొరని నీ దగ్గరే ఉంచుకో. నా కుళ్లు తగ్గిందని మాత్రం అనుకోకు.