నేను కలపని మాట

కోహ్కా, భిలాయ్
8-11-1998

ప్రియమైన మరదలు పిల్ల సత్యవాణికి,

బావ నూకరాజు రాయడం. ఏడో క్లాసు తప్పినోడి ఉత్తరం, ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకో. నేనిక్కడ స్టీలు ప్లాంటులో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్ దగ్గర మాడి బొగ్గైపోతన్నాను. నువ్వు హైదరాబాదు లేబరేటరీలో తెల్లకోటేసుకుని ఇంకా తెల్లబడతన్నావు. ఇదేం న్యాయం?

నీ కిందటి ఉత్తరం మీ అప్పకి, అదే నా పెళ్లానికి, చదివి వినిపించేను. తనకి చదువు రాదు కదా, నా నోరే దిక్కు. "బావకి ప్రతి ఆదివారం కోడికూర వండు" అని నువ్వు రాయకపోయినా, రాసేవని ఎప్పట్లాగే కలిపి చదివేను. కోపగించుకోకు.

అసలు సంగతి. మీ అప్ప ఎడం రొమ్ములో గడ్డుంది. ఆసుపత్రిలో ముక్క తీసి చూసేరు. కేన్సరంట. ఆపరేషన్ చెయ్యాలంటన్నారు. తను ఒద్దంటంది. "ఎందుకే కన్నమ్మా" అంటే గోడకేసి తిరిగిపోతంది.

మైనంలో పెట్టిన ఆ ముక్క, రిపోర్టు, పక్కింటి కొర్నేలి చేత నీకు పంపేను. నువ్వేదో ప్రొటీన్ల మీద పని చేస్తన్నావంటావు, మా ఇంట్లో ప్రొటీన్ అంటే కందిపప్పు. దానికీ కేన్సరుకీ ఏటి సంబంధమో నాకు అర్థమయ్యేటట్టు రాయి.

నీ బొగ్గు మొహం బావ,
నూకరాజు


హైదరాబాదు
24-11-1998

ప్రియమైన బావకి,

రిపోర్టు చూసిన వెంటనే ఆ ముక్క పట్టుకుని లేబరేటరీకి వెళ్లాను. అక్కడ పరీక్ష చేయించాను.

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ పలచటి కొవ్వు పొర ఉంటుంది. కొన్ని ప్రొటీన్లు ఆ పొరలో గుచ్చుకుని, ఒక కొస బయటికి, ఒక కొస లోపలికి పెట్టి నిలబడతాయి. బయటి నుంచి కబురొస్తే "పెరుగు" అని లోపలికి చెబుతాయి. మీ ప్లాంటు గేటు దగ్గర హాజరు వేసేవాడిలాగా అనుకో. అప్ప గడ్డ కణాల మీద అలాంటి ఒక ప్రొటీను ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఉంది. అంత కిక్కిరిసిపోతే కబురు రాకపోయినా ఒకదాన్నొకటి ఆనుకుని "పెరుగు, పెరుగు" అంటూనే ఉంటాయి.

ఆ ప్రొటీన్ని పట్టుకుని ఆపే మందు ఈమధ్యే అమెరికాలో వచ్చింది. మన దగ్గర ఇంకా దొరకదు. ఇలాంటి గడ్డ తొందరగా పాకుతుంది. చంకలోకి ఇంకా పాకలేదని రిపోర్టులో ఉంది కాబట్టి వెంటనే తీయించాలి.

ఒక్క మాట అడుగుతాను. ఆగస్టులో అప్ప ఫోన్లో గడ్డ సంగతి చెబుతుండగానే లైను పోయింది. ఆ రోజే ఉత్తరం రాశాను, "అప్పా, రేపే డాక్టరుకి చూపించుకో" అని. నువ్విప్పుడు కొత్త కబురులా రాశావు. మూడు నెలలు ఎందుకు ఆగారు? అది చదివి వినిపించావా?

నీ మరదలు,
వాణి


కోహ్కా
2-12-1998

ప్రియమైన డాక్టరమ్మకి,

గేటు సంగతి బాగా అర్థమైంది. మా దగ్గర ఒక్కడు హాజరేస్తేనే నేను తప్పించుకోలేకపోతన్నాను, వందమంది నిలబడితే ఏటైపోతానో!

చలి ఎక్కువగా ఉంది. మీ అప్ప ఇంకా ఒద్దనే అంటంది. ఉత్తరాలన్నీ చదివేను. పోస్టుమేను మీద అనుమానం పెట్టుకోకు.

బావ


హైదరాబాదు
8-12-1998

బావా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నేను పోస్టుమాన్ గురించి అడగలేదు.

వాణి


కోహ్కా
14-12-1998

ప్రియమైన వాణమ్మకి,

ఇందులో మజాక్ లేదు.

ఆగస్టులో నీ ఉత్తరం చదివేను. నువ్వు రాసింది రాసినట్టే చదివేను. మీ అప్ప ఫక్కున నవ్వీసింది. "ఓలమ్మో, కోడికూర అయిపోయి ఇప్పుడు నా గడ్డ మీద పడ్డావేటయ్యా? మా సెల్లి నోట్లో ఎన్ని మాటలు కుక్కుతావు?" అంది. నిజమేనే, వాణి రాసిందే, అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. నాకూ గుండెల్లో రాయి పడి ఉంది. తను నవ్వుతుంటే ఆ రాయి తేలికైనట్టనిపించింది. "పట్టీసేవే!" అన్నాను, ఆ మాట కూడా నేనే కలిపినట్టు. ఇద్దరం నవ్వుకున్నాం. మూడు నెలలు పోయేయి.

నీ రెండు ముక్కల ఉత్తరం వచ్చేక డ్యూటీకి ఎళ్లలేదు. మీ అప్ప చిక్కుడుకాయలు ఒలుస్తంటే ఎదురుగా కూచుని ఇదంతా చెప్పీసేను. తల ఎత్తలేదు.

"నాకు తెల్సు," అంది.

"ఏటి తెల్సు?"

"ఆ మాట నువ్వు కట్టింది కాదని. నువ్వు కట్టిన మాటల్లో ఎప్పుడూ నీ తిండే ఉంటాది. అందులో నా గురించే ఉంది."

"మరెందుకు నవ్వేవే?"

"బయమేసి నవ్వేను. కాదే నిజమే, అని నువ్వు అంటావేమోనని సూసేను. నువ్వు పట్టీసేవే అన్నావు. ఇంక నా ఒళ్లు ఎవులికి పట్టిందిలే, కొయ్యడమెందుకు అనుకున్నాను."

వాణమ్మా, కోక్ ఓవెన్ తలుపు తీసినప్పుడు సెగ మొహానికి కొడతాది. అది ఇంతకన్నా నయం.

చేట నా ముందుకి తోసి అంది, "సర్లే, ఇయ్యాలైనా అన్నావు. ఎప్పుడు రమ్మన్నాడు ఆ డాక్టరు?"

శుక్రవారం ఆపరేషన్. చేటలో కాయలన్నీ నేనే ఒలిచేను, సగం పాడుచేసేను. ఎప్పుడూ తిట్టే మనిషి తిట్టకపోతే ఇల్లు ఇల్లులా లేదు.

నువ్వు రా. నన్ను తిట్టడానికైనా రా.

నూకరాజు