నాన్న వేళ్ళకు ఒక లెక్క

చిరంజీవి తమ్ముడికి, ఇక్కడ అందరం కులాసా.

చూపు పోయాక నాన్న మాట్లాడటమే మానేశారని రాశావు. నేను సొంతంగా లెక్కలు నేర్చుకుంటున్నాను కదా. ఒకటి, మూడు, అయిదు అంటూ బేసి సంఖ్యలు వరుసగా కూడితే నాలుగు, తొమ్మిది, పదహారు, ఇలా వర్గాలే వస్తాయి. నలభై వరుసలు కూడి, రుజువైందనుకున్నాను. దర్జీపని చేసిన నాన్న వింటే "చేత్తో కొలిచి చూపించవే" అనేవారు. నిన్న చొక్కాకు గుండీలు కుడుతూ, ఒక గుండీకి కుడిపక్కా కిందా మూల తిరిగేలా మూడు, వాటికీ అలాగే అయిదు పేర్చాను. ప్రతిసారీ నలుచదరమే, ఇదీ అసలు రుజువు!

మరదలి మోకాలు ఎలా ఉంది? నాన్న గుండీల డబ్బా దించి, ఆయన వేళ్ళ కింద ఇలాగే పేర్చు. అయిదు పెట్టాక ఆగు. తర్వాత ఎన్ని కావాలో నువ్వు చెప్పకు. "ఇంకో ఏడు గుండీలు ఇవ్వరా" అని ఆయన అడిగితే, ఆ ఒక్క మాటే కార్డు మీద రాయి.

పిల్లలకు ముద్దులు, మీ ఇద్దరికీ ఆశీస్సులు.
అక్క