వంకాయల యుద్ధం, మేనేజరు కారు

సయ్యద్ భాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. బతికున్నా నీ ఈజిప్టు కళ్లకు ఈ తెలుగు ఎక్కదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

ఒమన్‌లో మన ఇబ్రి సైటుకి కొత్త క్రేను వచ్చింది. పొడవాటి వైరు చివర చేతిలో పట్టే పెట్టె, దాని మీద చిన్న పుల్ల. అచ్చం మీ ఈజిప్టు సైన్యంలో ఉన్నప్పుడు ఇజ్రాయెల్ ట్యాంకుల మీదికి నువ్వు వైరుతో నడిపిన మిసైల్ లాగే! శుక్రవారం కూరకు తెచ్చిన వంకాయలను చాప మీద ట్యాంకుల్లా పేర్చి, ఆ పుల్లకు బదులు గరిటె నా చేతికిచ్చి, మా దగ్గర నేర్చిన హిందీలో "నజర్ ట్యాంక్ పే రఖ్, హాథ్ అప్నే ఆప్ జాయేగా" అని, చూపు ట్యాంకు మీదుంటే చెయ్యి దానంతటదే పోతుందని నేర్పావు కదా. అందుకే, "నాకొస్తది, నేను నడుపుత" అన్నాను.

సిమెంటు ఇటుకల కట్ట బాగానే లేచింది. అంతలో మేనేజరు కారు వచ్చి ఆగింది. నా చూపు దాని మీద పడింది, చెయ్యి దానంతటదే పోయింది. ఇటుకల కట్ట కింద కారు టాపు అప్పడమైంది.

"కిస్‌నే సిఖాయా?" అని, ఎవడు నేర్పాడని మేనేజరు అరిస్తే నీ పేరే చెప్పాను.

రూమ్‌లో అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నేను మాత్రం కంచం పక్కన పెట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నీ మిసైల్ ట్యాంకుకు తగిలిందా అని ఎప్పుడడిగినా, "ఖానా ఖా", అన్నం తిను, అనేవాడివి. ఎందుకో ఇవాళ అర్థమైంది.

భాయ్, కారు ఖాళీదే. మేనేజరు అప్పుడే దిగాడు.