పండుగ రోజు దొరికిన కోడ్

కొత్తకోట

సనా బిటియా,

మొన్న యుద్ధం సినిమా చూసి వస్తూ, "దాదా, మిలిటరీల మీరు గూడ గిట్లనే శత్రువుల కోడ్ పట్టుకున్నరా?" అని అడిగావు. సినిమాలో హీరో లెక్కలు వేశాడు. నాకు అంత తెలివి అక్కరలేకపోయింది.

డెబ్బై ఒకటిలో రంజాన్ పండుగ పొద్దున అవతలి దేశపు రేడియో ఆపరేటర్ తన దోస్తుకు కోడ్‌లో చిన్న సందేశం పంపాడు. దోస్తుకు అర్థం కాకపోతే అదే మాటను మామూలు అక్షరాల్లో మళ్లీ పంపాడు: ఈద్ ముబారక్. వాళ్ల రేడియో వినే డ్యూటీలో ఉన్న నేను రెండూ రాసుకుని పక్కపక్కన పెట్టేసరికి కోడ్ విడిపోయింది. రెండు వారాలకు యుద్ధం మొదలైంది. ఆ కోడ్‌తో చదివిన సందేశాలను బట్టి మన విమానాలు ఆ ఆపరేటర్ ఉన్న స్థావరాన్ని నేలమట్టం చేశాయి. నాకు మెడల్ ఇచ్చారు.

ఏటా పండుగకు నువ్వు ఫోన్‌లో ముబారక్ చెబితే నేను వెంటనే పలకనని అలుగుతావు. ముందు మనసులో ఆ ఆపరేటర్‌కు బదులు చెప్పి, తర్వాత నీకు చెబుతున్నాను.

నీ దాదా