మా ఇంట్లో గుర్రం లేదన్న బావకి

రత్నరాజు బావకి,

వందనాలు చెల్లెమ్మకి మాత్రమే, నీకు కాదు. పెళ్ళి విందుకి హార్బర్ నుంచి వంజరం చేప మోసుకొచ్చింది నేను. తలకాయ నీ తమ్ముడికి వేసి, పిల్లనిచ్చిన నాకు తోక వేశావు. నాలుగేళ్ళుగా ఆ ముల్లు మింగి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

నా కూతురు జయమణికి బీపీ పెరిగి కాళ్ళూ మొహమూ వాచిపోతే, డాక్టరమ్మ నెలలు నిండకుండానే ఆపరేషన్ చేసి బిడ్డను తీసింది. మొన్న నువ్వు రిక్షా కట్టించుకుని వచ్చి, "బిడ్డ బయటికొచ్చీసింది కదా బావా, ఇంకేటి రోగం? కోడల్ని పంపీయ్" అన్నావు. పురుడయ్యాక కూడా గుర్రపువాతం రావచ్చట అన్నాను. "మా ఇంట్లో గుర్రం నేదు, బయపడకు" అన్నావు.

ఓరి బావా, గుర్రపువాతం అంటే పురిటాలికి వచ్చే ఫిట్సు. గుర్రం నుంచి అంటుకునేది కాదు.

జయమణి తల్లి బిడ్డ పుట్టాకే ఈ ఫిట్సు వచ్చి పోయింది. ఆ రోజు కూడా అందరూ గండం గడిచిందనే అన్నారు.

తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురమ్మంది డాక్టరమ్మ. మీ మధురవాడ నుంచి అంత దూరం తేవాలంటే నిజంగానే గుర్రం కావాలి. అందుకని బీపీ దిగేదాకా పిల్ల నా దగ్గరే ఉంటుంది. ఉప్పు తగ్గించమంది కాబట్టి నువ్వు తెచ్చిన ఉప్పుచేపలు నేనే తినేశాను.

శనివారం లోపల సరేనని జవాబు రాయి. రాకపోతే నీ కొడుకుని కూడా పంపను. వాడు బిడ్డ గుడ్డలు బాగా ఉతుకుతున్నాడు.

ఇట్లు,
నీ వియ్యంకుడు